చదివి వినిపించడం అక్కడే నేర్చుకున్నాను

సంపాదకులు గారికి,

నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షికలో ఒక అబ్బాయి ఉత్తరం చదివాను. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని కానిస్టేబుల్ పరీక్షకు ప్రిపేర్ అవుతున్నాడట. కథలు రాయాలని కోరిక. ఉద్యోగం వస్తే రాత అటకెక్కుతుందేమోనని టెన్షన్ పడుతున్నాడు. మీ శీర్షిక నిర్వాహకులు అతనికి ధైర్యం చెబుతూ, రచయితకు పోలీసు ఉద్యోగాన్ని మించింది లేదని, రోజుకో కథ దానంతటదే స్టేషన్ మెట్లెక్కి వస్తుందని, అదంతా ముడిసరుకేనని రాశారు. మంచి మనసుతోనే రాశారు, సందేహం లేదు. కానీ ఆ ‘ముడిసరుకు’ అన్న మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. ఆ మెట్లెక్కి వచ్చినవాళ్ల ఎదురుగా కూర్చుని రాసినదాన్ని నేను. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే. దయచేసి ఓపికగా చదవండి.

నేను 1986లో హైదరాబాద్ సిటీ పోలీసులో మహిళా కానిస్టేబుల్‌గా చేరాను. 2024 జూలై 31న ఏ.ఎస్.ఐ.గా రిటైరయ్యాను. మాది నల్లగొండ జిల్లాలో చిన్న పల్లె. మా ఆయన ఆర్టీసీలో కండక్టర్. స్టేషన్‌లో రికార్డు రాసే హెడ్ కానిస్టేబుల్‌ని మావాళ్లు ‘రైటర్’ అంటారు. “రైటర్ దగ్గరికి పో” అంటే ఫిర్యాదు రాయించుకోమని అర్థం. నా దస్తూరి బాగుంటుందని, ఆడవాళ్లు ఎవరొచ్చినా నన్ను పిలిచి రాయమనేవారు. అలా రాసీ రాసీ చివరికి నేనే రైటర్ని అయ్యాను. ఆ కుర్చీలో 11 ఏళ్లు ఉన్నాను. రిటైరయ్యాక కథలు రాస్తున్నాను. ఇప్పటికి ఆరు అచ్చయ్యాయి.

నిజానికి నా రాత మొదటిసారి పేపర్లో పడింది సర్వీసులో చేరిన అయిదారేళ్లకు. పేరు ఉండదు దానికి. తొమ్మిదేళ్ల పిల్లవాడు తప్పిపోయాడని తండ్రీ, నాయనమ్మా వచ్చారు. ఎత్తెంత అంటే తండ్రి తన నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. చొక్కా రంగు అడిగితే నీలం అన్నాడు, కాసేపాగి తెలుపేమో అన్నాడు. గడప దగ్గర నిలబడ్డ ముసలమ్మ లోపలికి రాకుండానే చెప్పింది. “బూడిదరంగు చొక్కా. రెండో గుండీ లేదు, నేనే పిన్నీసు పెట్టిన. ఎడమకాలు చెప్పు తెగితే నల్లదారంతోని కుట్టిచ్చిన. కొత్తోళ్లు పిలిస్తె పలుకడు, చెవి పట్టుకుని నిలవడ్తడు.”

పేపర్‌కి పంపే ప్రకటనకు మా రైటర్ సారు దగ్గర ఒక పాత నమూనా ఉండేది. చామనఛాయ, గుండ్రని ముఖం, ఫలానా రంగు చొక్కా, ఆచూకీ తెలిసినవారు ఫలానా నంబరుకు. అంతే. పిన్నీసు కూడా రాస్తానని నేను బతిమాలాను. సారు ఒక్క క్షణం ఆలోచించి, “అయితే చెప్పుకు కుట్టిన దారం కూడా రాయి, చెవి పట్టుకునేది కూడా రాయి” అన్నారు. మూడో రోజు కాచిగూడ రైల్వేస్టేషన్‌లో ఒక హమాలీ పిల్లవాణ్ని గుర్తుపట్టాడు. అప్పటికి పిన్నీసు ఎక్కడో ఊడిపోయింది. పేరేంటని అడిగితే పిల్లవాడు పలకలేదట, చెవి పట్టుకున్నాడట. అప్పుడు కాళ్ల వైపు చూశాడట ఆ హమాలీ.

ఒక మనిషిని అక్షరాల్లో ఎలా నిలబెట్టాలో నాకు ఆ ముసలమ్మ చెప్పింది. తండ్రికి ప్రేమ లేదని కాదు. ఆయన కూలికి పొద్దున పోతే రాత్రి వచ్చే మనిషి. కొడుకుని ఎక్కువగా నిద్రలోనే చూసి ఉంటాడు. తర్వాత వందల మిస్సింగ్ కేసులు రాశాను. ఎవరు ఏం చెప్పగలిగారు, ఎవరు ఎక్కడ తడబడ్డారు అన్నదాన్ని బట్టి ఆ ఇల్లు ఎలాంటిదో నాకు తెలిసిపోయేది. ఇప్పుడు కథ రాసేటప్పుడు పాత్ర రూపురేఖలు నేను చెప్పను. ఆ ఇంట్లో ఎవరైతే చూస్తారో వాళ్లచేత చెప్పిస్తాను.

ఇంక అసలు విషయానికి వస్తాను. పాత సి.ఆర్.పి.సి. (నేర విచారణ పద్ధతి చట్టం)లో 154వ సెక్షన్, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్. రెండూ ఎఫ్.ఐ.ఆర్. గురించే. కొత్త చట్టాలతో నేను సరిగ్గా ఒక నెల పనిచేశాను. నంబరు మారింది గానీ అందులో నాకు ప్రాణమైన ముక్క మారలేదు. నోటితో చెప్పిన ఫిర్యాదును కాగితం మీద పెట్టి, చెప్పినవాళ్లకు చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి. నకలు ఉచితంగా ఇవ్వాలి. చదువు రానివాళ్లు వేలిముద్ర వేసే కాగితాల చివర “చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని” అని రాసేవాళ్లం. రద్దీలో చాలామంది ఆ వాక్యం రాసేస్తారు, చదవడం మాత్రం చదవరు.

మా మొదటి రైటర్ సారు చదివేవారు. ఆయన పాతబస్తీ మనిషి. ఉర్దూ మీడియంలో చదివి తెలుగు తర్వాత నేర్చుకున్నారు. అందుకే కాబోలు, ఒక్కో తెలుగు మాటను తూచి వాడేవారు. ఫిర్యాది, ముద్దాయి, జామీను, హాజరు, నకలు, పంచనామా, బందోబస్తు లాంటి స్టేషన్ మాటలకు మూలం ఏమిటో, అసలు అర్థం ఏమిటో రాత్రి డ్యూటీల్లో నాకు విప్పి చెప్పేవారు. ఫిర్యాదు అంటే మొర అని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. అప్పటిదాకా అది నాకు ఒక కాగితం పేరు.

ఒక మధ్యాహ్నం ఒకామె వచ్చింది. భర్త మీద ఫిర్యాదు. చెప్పిందంతా రాసి, సారు నేర్పినట్టే చదవడం మొదలుపెట్టాను. “నా భర్త తాగి ఇంటికి వచ్చి నన్ను చేతులతో కొట్టినాడు” అని చదివేసరికి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“కొట్టిండని చెప్పలేదు అక్కా. చెయ్యెత్తిండని చెప్పిన.”

“మరి కొట్టలేదా?”

“కొట్టేది రోజూ కొడ్తడు. ఇయ్యాల చెయ్యెత్తి ఆపిండు. నా మొఖం దిక్కు చూసి నవ్విండు. ఎందుకు ఆపిండో సమజ్ గాక భయమైంది. అందుకే వచ్చిన.”

నేను కాగితం పక్కన పెట్టి కొత్త కాగితం తీసుకున్నాను. నేను రాసిన మొదటి వాక్యంలో చట్టానికి సరిపడా నేరం ఉంది. ఆమె మాత్రం అందులో లేదు. ఏళ్ల తరబడి దెబ్బలకు స్టేషన్‌కి రాని మనిషి, దెబ్బ పడని రోజున వచ్చింది. చదివి వినిపించకపోయి ఉంటే ఆ సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. వినేవాళ్లు తమకు అలవాటైన మాటను ఎదుటివాళ్ల నోట్లో పెట్టేస్తారు. నేనూ పెట్టాను. అది దురుద్దేశంతో జరగదు. తొందరలో, అలసటలో, “ఇలాంటివి ఎన్ని చూడలేదు” అనుకోవడంలో జరిగిపోతుంది.

ఆ అబ్బాయికి నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. ఈ ఉద్యోగం నీకు కథలు ఇస్తుందని ఆశపడకు తమ్ముడూ. కథలు పాలబూత్ దగ్గర కూడా ఉంటాయి, మా ఆయన బస్సులో కూడా ఉండేవి. ఇక్కడ మాత్రం, నువ్వు రాసింది తప్పని చెప్పే హక్కున్న మనిషి నీ ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంటుంది. ఆమెకు చదువు రాకపోవచ్చు. అయినా ఆ కాగితం మీద ఆమెదే అధికారం. నేను ఇప్పటికీ ఏ కథ రాసినా పక్కింటి అక్కకు చదివి వినిపిస్తాను. ఆమె ఇళ్లల్లో పని చేసి పిల్లల్ని పెంచిన మనిషి. “గట్ల ఎవరంటరు?” అని ఆమె అడిగితే ఆ వాక్యం కొట్టేస్తాను.

అయితే అన్ని మాటలూ రికార్డులోకి రావు. రాకూడదు కూడా. ఇది అర్థం చేసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. కిరోసిన్ స్టవ్‌ల కాలంలో కాలిన గాయాల వార్డులో నాకు ఎన్నో డ్యూటీలు పడ్డాయి. మరణ వాంగ్మూలం మేజిస్ట్రేట్ గారు తీసుకుంటారు. రోగి స్పృహలో, తెలివిలో ఉందని డాక్టర్ గారు రాసివ్వాలి. ఆ సమయంలో మేం బయట ఉండాలి. ఒక రోజు మేజిస్ట్రేట్ గారు రావడానికి ముందు ఎస్.ఐ. గారు స్టేట్‌మెంట్ తీసుకుంటుంటే నేను రాస్తున్నాను. ఇరవై రెండేళ్ల పిల్ల. ఏం జరిగింది, ఎవరున్నారు, ఏ టైము అని సారు అడుగుతున్నారు. ఆమె జవాబు చెబుతూ చెబుతూ మధ్యలో, “పొయ్యి మీద పాలున్నయి, దించుండ్రి” అంది. నేను అది కూడా రాశాను. ఎస్.ఐ. గారు కాగితం చూసి, ఆ ముక్క కేసుకు అవసరం లేదు, డిఫెన్స్ వాళ్లు పట్టుకుని ఆమె తెలివిలో లేదంటారు, తీసెయ్ అన్నారు.

నాకు చాలా కోపం వచ్చింది. ఏమీ అనలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన భయం అర్థమవుతుంది. ఆ కాగితం కోర్టులో నిలవాలి. నిలిస్తేనే ఆ పిల్లకు న్యాయం. ఆ పని వేరు. కానీ ఆ పాలు ఎవరో ఒకరు దించాలి కదా. ముప్పై ఏళ్లు నేను వాటిని మోసుకు తిరిగాను. రిటైరయ్యాక నేను రాసిన మొదటి కథలో పొయ్యి మీద పాలున్నాయి. మనిషి వేరు, ఊరు వేరు, జరిగింది కూడా వేరు. ఆ పాలు మాత్రం అవే.

ఈ ఉద్యోగం రచయిత నుంచి తీసుకునేది కూడా ఉంది. అది చెప్పకపోతే ఆ అబ్బాయికి అన్యాయం చేసినదాన్ని అవుతాను.

మొదటిది భాష. నా తొలి కథను ఆబిడ్స్‌లో ఆదివారం పాతపుస్తకాలు కొనేచోట పరిచయమైన ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారికి చూపించాను. ఆయన రెండు పేజీలు చదివి, “అమ్మా, ఇందులో ఎవరైనా ఏడ్చారా?” అని అడిగారు. చూసుకుంటే కథ తేదీ, సమయం, స్థలంతో మొదలైంది. ఎఫ్.ఐ.ఆర్. ఫారంలో నేరం జరిగిన చోటు స్టేషన్‌కు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో రాసే గడి ఉంటుంది. నా కథలో కూడా ఆ ఇల్లు బస్టాపుకు తూర్పున సుమారు 200 మీటర్ల దూరంలో ఉంది. ‘సదరు మహిళ’ అన్నది నాలుగుసార్లు వచ్చింది. ‘సదరు’ వదలడానికి నాకు ఏడాది పట్టింది. కానీ ఆ తూర్పు దిక్కును మాత్రం వదల్లేదు. పొద్దున ఏ కిటికీలోంచి ఎండ వస్తుందో తెలియకుండా నేను ఇప్పటికీ ఒక ఇంటి గురించి రాయలేను.

రెండోది మనసు. హుస్సేన్‌సాగర్ దగ్గర ఒక శవ పంచనామాకు వెళ్లాం. ఒంటి మీద, సంచిలో దొరికినవన్నీ పంచుల (సాక్షుల) ముందు ఒక్కొక్కటిగా రాయాలి. దువ్వెన ఒకటి. బస్‌పాస్ ఒకటి. చిల్లర పదకొండు రూపాయలు. టైలర్ రసీదు ఒకటి, రెండు జాకెట్లకు, వచ్చే శుక్రవారం ఇస్తానని. అన్నీ రాశాను, పంచుల సంతకాలు తీసుకున్నాను. రోడ్డు దాటి ఇడ్లీ తిన్నాను. మొదటి పంచనామా రోజున మంచినీళ్లు కూడా దిగని మనిషిని, ఆ రోజు ఇంకో ప్లేటు అడిగాను. రాత్రి పడుకున్నాక శుక్రవారం గుర్తొచ్చింది. జాకెట్లు కుట్టించుకోవాలనుకున్న మనిషి. అది పొద్దున నా చేత్తోనే రాశాను, నాకేమీ అనిపించలేదు. ఆ రాత్రి నాకు భయమేసింది. ఆమెను చూసినందుకు కాదు, నన్ను నేను చూసుకున్నందుకు.

జార్జ్ ఆర్వెల్ 1922 నుంచి 1927 దాకా బర్మాలో పోలీసు అధికారిగా పనిచేశాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఉరికంబం దగ్గరికి నడుస్తున్న ఒక ఖైదీ, దారిలో నీళ్లగుంట తొక్కకుండా పక్కకు తప్పుకున్నాడని ఆయన రాశాడు. అది చదివి నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. నాకు టైలర్ రసీదు కనిపించింది. ఆయన సెలవు మీద ఇంటికి వెళ్లి మళ్లీ ఆ ఉద్యోగానికి తిరిగి రాలేదు. నాకు ఆ వీలు లేదు. ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు. అయినా ఆ రాత్రి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. పంచనామా రాశాక, జాబితాలోని వస్తువుల్లో ఒక్కదాని గురించి అయినా ఇంటికి వెళ్లేదాకా ఆలోచించేదాన్ని. అంతకు మించి నేనేం చేయగలను?

మూడోదాని గురించి రాయడం నాకు కష్టం. నేను పనిచేసిన ఒక స్టేషన్‌లో, పేరు చెప్పను, రాత్రిపూట లోపలి గదిలోంచి అరుపులు వినిపించేవి. నేను బయట టేబుల్ దగ్గర జనరల్ డైరీ రాస్తూ ఉండేదాన్ని. జి.డి.లో గంట గంటకూ జరిగింది రాయాలి. “లాకప్ చెక్ చేయడమైనది, అంతా సవ్యముగా ఉన్నది” అని రాశాను. నా చేత్తోనే. చిన్న కానిస్టేబుల్ని, ఏం చేయగలను అనుకున్నాను. ఆ మాట నిజమే కావచ్చు. అయినా ఆ అక్షరాలు నావే. 1996 డిసెంబరులో, కస్టడీలో హింస గురించిన డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక పరిస్థితి కొంత మారడం కళ్లారా చూశాను. అరెస్టు మెమో రాయాలి, టైము వేయాలి, సాక్షి సంతకం, పట్టుబడినవాడి సంతకం ఉండాలి, ఇంటివాళ్లకు తెలియజేయాలి, 48 గంటలకోసారి డాక్టర్ పరీక్ష చేయించాలి. పూర్తిగా మారిందని చెప్పను. కానీ రాయాల్సిన కాగితం ఒకటి టేబుల్ మీద ఉందని గుర్తొచ్చి ఎత్తిన చెయ్యి దిగడం నేను చూశాను. రాతకు అంత బలం ఉంటుందని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. అందుకే ఆ అబ్బాయికి చెబుతున్నాను. రేపు నువ్వు జి.డి. ముందు కూర్చున్నప్పుడు ఏం రాశావో, ఏం రాయకుండా వదిలావో అది నీ కథల్లోకి వస్తుంది. తప్పించుకోలేవు.

బందోబస్తుల గురించి అందరూ విసుగ్గా చెబుతారు. నిజమే, కాళ్లు వాచిపోతాయి. కానీ నిమజ్జనం నాడు ట్యాంక్‌బండ్ మీద, ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాల దగ్గర, మొహర్రంలో డబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ దాకా సాగే బీబీకా ఆలం ఊరేగింపులో గంటల తరబడి ఒకే చోట నిలబడి ఈ ఊరిని చూసే అవకాశం ఇంకెవరికి వస్తుంది? తల మీద బోనం పెట్టుకుని నడుస్తున్న తల్లి కొంగును వెనక పట్టుకుని, దీపం ఆరిపోతుందేమోనని పైకే చూస్తూ నడిచే చిన్నపిల్లను నేను అక్కడే చూశాను.

పోలీసులకూ సాహిత్యానికీ ఏం సంబంధం అనేవాళ్లు నాకు చాలామంది తగిలారు. కలకత్తా డిటెక్టివ్ విభాగంలో పనిచేసిన ప్రియనాథ్ ముఖోపాధ్యాయ 1890లలోనే తన కేసులను బెంగాలీలో కథలుగా వరుసగా అచ్చువేశాడు. మన ఊరి సంగతే చూడండి. మా పోలీస్ అకాడమీకి రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారి పేరు పెట్టారు. ఆయన 1920లో హైదరాబాద్ కొత్వాల్, అంటే నగర పోలీసు అధిపతి, అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు రెడ్డి హాస్టల్ మొదలుపెట్టినవారిలో ఆయన ముఖ్యులు. ఆ హాస్టల్ బాధ్యతలు చూసిన సురవరం ప్రతాపరెడ్డి గారే 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. కొత్వాల్ గారి జీవితచరిత్ర కూడా రాశారు. ఈ నగరంలో తెలుగు అక్షరం తలెత్తుకోవడానికి ఒక పోలీసు పెద్ద చెయ్యి కూడా ఉందని ట్రైనింగ్‌కి వచ్చే పిల్లలకు ఎవరైనా చెబితే బాగుంటుంది. నాకెవరూ చెప్పలేదు.

ముడిసరుకు మాట దగ్గరికి మళ్లీ వస్తాను. పోయినేడు కోఠి బస్టాప్‌లో ఒకామె నా భుజం మీద చెయ్యి వేసింది. “అక్కా, గుర్తుపట్టినవా?” అంది. గుర్తుపట్టాను. చాలా ఏళ్ల కింద ఆమె ఫిర్యాదు నేనే రాశాను. బాధితురాలి పేరు బయటపెట్టకూడదని చట్టం చెప్పే కేసు అది. అప్పుడు ఐ.పి.సి. 228-ఎ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 72. ఆమెకు ఇప్పుడు పెళ్లీడుకొచ్చిన కూతురు ఉంది. “పేపర్ల నీ ఫోటో చూసిన. మా బిడ్డ నీ కథ చదివి వినిపించింది. మస్తు ఏడ్చిన” అని కాసేపాగి, చెయ్యి తీయకుండానే, “నాది రాయకక్కా” అంది.

ఆ సమయానికి ఆమె సంగతి ఆధారంగా 14 పేజీలు రాసి పెట్టుకుని ఉన్నాను. పేరు మార్చాను, బస్తీ మార్చాను, ఎవరూ గుర్తుపట్టలేరు. చట్టం నన్నేమీ అనదు. రాయనని ఆమెకు మాటిచ్చాను. ఇంటికి వెళ్లి ఆ పేజీలు చింపేశాను. అది నా మిగతా కథలన్నిటికంటే బాగా వచ్చిన కథ. నాకు బాధ లేదని అనను. కానీ అది ఆమెది. ఆమె నా ముందు కూర్చుని చెప్పింది న్యాయం కోసం. నేను రచయిత్రిని కావడం కోసం చెప్పలేదు. ముడిసరుకు అంటే గనిలో తవ్వుకున్నది, బజారులో కొన్నది. ఇది ఒక మనిషి ఏడుస్తూ మన చేతిలో దాచుకొమ్మని పెట్టినది.

కాబట్టి ఆ అబ్బాయిని ఉద్యోగంలో చేరొద్దని నేను అనడం లేదు. చేరమనే చెబుతున్నాను. ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమాలు చదువుకొమ్మనండి. డ్యూటీలో తెలిసిన సంగతులు బయటపెట్టకూడదన్న నియమం ఎందుకు పెట్టారో ఆలోచించమనండి. చేరిన మొదటి రోజు నుంచే ప్రతి కాగితమూ పూర్తిగా చదివి వినిపించమనండి. వెనక లైనులో పదిమంది ఉన్నా సరే. పోలీసు స్టేషన్లన్నిటినీ కలిపే సి.సి.టి.ఎన్.ఎస్. అనే కంప్యూటర్ వ్యవస్థ వచ్చాక అంతా కంప్యూటర్‌లో టైప్ చేస్తున్నారు. చాలాచోట్ల ఫిర్యాది స్క్రీన్ వెనక వైపు కూర్చుంటున్నారు. స్క్రీన్ వాళ్ల వైపు తిప్పమనండి. అతని దగ్గర రాసిన కథ ఏదైనా ఉంటే, నేను ప్రతి మంగళవారం ఉదయం చిక్కడపల్లి లైబ్రరీలో తెలుగు పుస్తకాల వైపే ఉంటాను. తెచ్చి చదివి వినిపించమనండి. నేను వింటాను.

ఈ ఉత్తరంలో నేను చెప్పినవాళ్లలో ముగ్గురిని అడిగాకే రాశాను. అడగడానికి లేనివాళ్ల వయసూ, కాలమూ మార్చాను. కోఠిలో కలిసినామె గురించి ఆమె రాయొద్దన్న సంగతి ఒక్కటే రాశాను, అది కూడా ఆమెకు ఫోన్ చేసి చదివి వినిపించాకే. నా పేరు కూడా దయచేసి వేయకండి. పేరు చూస్తే స్టేషన్ తెలుస్తుంది, స్టేషన్ తెలిస్తే మనుషులు తెలుస్తారు.

చివరగా మీకు ఒక మనవి. మీ పత్రికలో తప్పిపోయినవారి ప్రకటనలు ఇదివరకు నాలుగైదు లైన్లు వచ్చేవి. ఇప్పుడు రెండు లైన్లకు కుదించారు. మొన్న గురువారం ఒక పెద్దావిడ గురించి వచ్చింది. వయసు 70, చామనఛాయ, ఎత్తు 5 అడుగులు, పచ్చచీర. ఈ ఊళ్లో అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు? చీర మార్చుకుని ఉంటే ఆమెను ఎవరు గుర్తుపడతారు? ఏ పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తుంది, నడిచేటప్పుడు గోడ పట్టుకుంటుందా, కొంగుకు ఏం ముడివేసుకుంటుంది, ఇంట్లో ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది. స్టేషన్‌లో రైటర్లను ఆ ఒక్క వాక్యం అడిగి రాయమని మీరు కోరండి. వాళ్లు రాసి పంపితే కత్తిరించకుండా వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏ.ఎస్.ఐ.,
అంబర్‌పేట, హైదరాబాద్.